కొండకోనల జలపాతములు – గ్రామ పంచాయతీల బాధ్యత

తెలుగునాట కొండలును అడవులును ఉన్న సీమలలో జలపాతములకు కొరత లేదు. తిరుపతి జిల్లాలోని శేషాచల అడవులలో తలకోన జలపాతము సుమారు 270 అడుగుల ఎత్తునుండి జాలువారుచున్నది. ఆదిలాబాదు జిల్లాలో కడెం నది కుంటాల వద్ద సుమారు 150 అడుగుల క్రిందికి మెట్టు మెట్టుగా దుముకుచున్నది. ములుగు జిల్లాలో వాజేడు చెంత బొగత జలపాతము కలదు. తొలకరి వానలకు ఏరులు నిండినంతనే పట్టణములనుండి జనులు తండోపతండములుగా ఈ తావులకు వచ్చెదరు. గుండములలో ఈదుటకును, వీలైనచోట ఒక రాత్రి గుడారములలో గడపుటకును వారికి వేడుక.

వారి రాక వలన సమీప గ్రామములకు కొంత ఆదాయము లభించుట నిజము. కాని ఈ జలపాతములు ప్రాణములను సైతము బలిగొనుచున్నవి. కుంటాలలోను, తలకోనలోను నీట దిగినవారు మరణించిన సందర్భములు కలవు. ఏ బండ జారునో, ఏ మడుగులో సుడి యున్నదో, ఏ దిక్కున వాన పడినచో వాగు పొంగునో ఆ ఊరి పశువుల కాపరి ఎరుగును. పరస్థలమునుండి వచ్చిన యువకుడు ఎరుగడు. పెక్కు ప్రమాదములకు మూలము ఇదియే. గ్రామస్థులకు తెలిసిన ఈ విషయమును అందరికిని తెలియజేసి, కట్టుబాటుగా అమలు జరిపించుట పంచాయతీ సభ్యులు పూనుకొనదగిన కార్యము.

గుండము స్వభావము

చెరువులో ఈత వేరు, జలపాతము క్రింది గుండములో ఈత వేరు. పైనుండి పడు నీరు గాలిని తనతో లోనికి కొనిపోవుటచే అచ్చట నీరు తెల్లని నురుగుగా మారును. గాలి కలిసిన నీటికి మనిషిని తేల్చు శక్తి తక్కువ. అంతేకాక, పడిన నీరు అడుగునకు పోయి పైకి లేచి, కొంత భాగము మరల ధార వైపునకే మళ్లును. అందు చిక్కినవానిని ఆ సుడి తిరిగి తిరిగి ధార క్రిందికే లాగును. ఈత వచ్చినవారు సైతము మునిగిపోవుటకు ఇది ఒక కారణము.

గుండము లోతు ఏటేట ఒకే తీరున ఉండదు. వరద వచ్చినపుడు బండలు దొరలును, ఇసుక మేట వేయును. నిరుడు నిలువులోతు ఉన్నచోట ఈ ఏడు మోకాలి క్రిందనే రాయి ఉండవచ్చును. కావున ఎత్తునుండి తలక్రిందుగా దూకుట ఎన్నడును తగదు. నాచు పట్టిన బండలపై నడచుటయు, ధార పైఅంచున నిలిచి ఫోటోలు తీసికొనుటయు ఇంతే అపాయకరములు.

ఇచ్చట ఎండ కాయుచున్నను, ఎగువ కొండలలో వాన కురిసినచో వాగు కొద్ది నిమిషములలో పొంగగలదు. నీరు ఉన్నట్టుండి మట్టిరంగు తిరుగుట, ఆకులును పుల్లలును కొట్టుకొని వచ్చుట, హోరు హెచ్చుట దీనికి సూచనలు. ఇందు ఏ ఒక్కటి కనిపించినను క్షణము జాగు చేయక గట్టెక్కవలెను.

అడవిలో బస

తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనములోనిది. ఇట్టి రక్షిత అడవులలో అటవీశాఖవారి అనుమతి లేనిదే రాత్రి బస కూడదు. వారు చూపిన తావునందే దిగవలెను. ఏటి ఇసుక మెత్తగా ఉన్నదని అందు గుడారము వేయుట ప్రాణాంతకము. వరద జాడలకు మీదుగా, మెరక నేలపై, ఎండిన కొమ్మలు లేనిచోట బస ఏర్పరచుకొనవలెను. మంట వేయుటకు అనుమతి ఉన్నచోట సైతము, బయలుదేరునపుడు నీరు పోసి, బూడిద చేతికి చల్లగా తగులు వరకును ఆర్పవలెను. మలవిసర్జనకు ఏటినుండి కనీసము 200 అడుగులు ఎడముగా పోవలెను. ఏటిలో సబ్బు వాడరాదు. దిగువ పల్లెలవారు త్రాగునది ఆ నీటినే అని యాత్రికులకు తెలియజెప్పవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

జలపాతము చాలచోట్ల అటవీ భూమియందుండును. కావున మొదట అటవీ, పోలీసు, రెవెన్యూ అధికారులతో సంప్రదించి, వారి సమ్మతితో పనులు చేపట్టవలెను. స్నానమునకు తగిన లోతులేని తావును గుర్తించి, దాని హద్దున త్రాడు కట్టించవలెను. దిగరాని గుండముల వద్ద తెలుగులోను, పొరుగువారి భాషలలోను పెద్ద అక్షరములతో పలకలు నాటించవలెను. భారీ వర్షసూచన వెలువడినపుడు దారి మూయించుటకు ముందుగనే ఏర్పాటు ఉండవలెను. త్రాగి నీట దిగువారిని వారించుటకు ఊరి యువకులను కావలి నియమించి, వారికి కూలి ముట్టజెప్పవలెను.

గిరిజన గ్రామములకు ఇందు చట్టము అండ కూడ కలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 5వ సెక్షను ప్రకారము, హక్కుదారులున్న చోట్ల అడవిని, వన్యప్రాణులను, నీటివనరులను కాపాడు అధికారము గ్రామసభకు సంక్రమించినది.

ఆపద కలిగినపుడు

ఒకడు మునుగుచుండగా వెంటనే దూకినవారును మునిగిపోవుట తరచు వినుచున్నాము. గట్టుననే నిలిచి వెదురుగడ అందించుట, పంచెను గాని చీరను గాని విసరుట, మూత బిగించిన ఖాళీ డబ్బాకు త్రాడు కట్టి విసరుట మేలైన మార్గము. ఈ మూడు వస్తువులును గుండము చెంత సదా సిద్ధముగా ఉంచుటకు వ్యయము స్వల్పము.

బయటకు తీసినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, పొట్ట నొక్కుట తప్పు. శ్వాస లేనిచో ముందుగా నోటిలో నోరుంచి ఊపిరి ఊదవలెను. పిమ్మట రొమ్ము నడుమ 30 మారులు గట్టిగా, వేగముగా నొక్కి, 2 మారులు ఊపిరి ఊదుచు, వైద్యసహాయము అందు వరకు సాగించవలెను. ఈలోగా మరియొకరు 108కు ఫోను చేయవలెను. కొండలలో ఫోను అందని తావులు పెక్కు గలవు. ఎచ్చట అందునో ఆ చోటును ముందే గుర్తించి ఉంచవలెను. ఈ ప్రథమ చికిత్సను ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునిచే ఊరిలో పదిమందికైన నేర్పింపవలెను.

పంచాయతీ సభ్యులారా! జ్యేష్ఠమాసము ముగియులోపల గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. పశువుల కాపరులను, చేపలు పట్టువారిని పిలిచి, ఏ మడుగు ఎట్టిదో చెప్పించి వ్రాయించుడు. అతిథిగా వచ్చినవాడు క్షేమముగా ఇల్లు చేరుటయే గ్రామమునకు గౌరవము. ఆ పేరు నిలిచిన ఊరికి మరునాడు మరి పదిమంది వత్తురు.