బండి అద్దం, చలికాలం

అక్కలారా, వదినలారా,

ఈ పాఠం బండి వైపర్ గురించి. "మాకు కారెక్కడుంది పంతులమ్మా?" అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ సంతకు మనం వెళ్ళేది జీపులోనే. ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి వెళ్ళేదీ జీపులోనే. ఆ జీపు ముందు అద్దం మసకగా ఉంటే ప్రమాదం డ్రైవరు ఒక్కడికే కాదు. వెనక కూర్చున్న మనకీ, మన ఒళ్ళో ఉన్న పిల్లలకీ కూడా.

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క సంగతి చెప్తాను. వాళ్ళాయన నర్సీపట్నం – చింతపల్లి రోడ్డులో జీపు నడుపుతాడు. దారిలో లంబసింగి ఉంది. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున పొగమంచు పట్టిందంటే పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కనబడడు. కొన్ని రోజులు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది.

ఒక చలికాలం ఉదయం ఆ జీపు సంతకు బయలుదేరింది. నిండా జనం, పసుపు మూటలు. ఆ అక్క కూడా ఉంది. ఘాటు మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. లారీ లైటు అద్దం మీద పడింది. అంతే, అద్దం అంతా తెల్లగా మెరిసింది. రోడ్డు కనబడలేదు. వైపర్ తిరుగుతూనే ఉంది, కానీ గీతలు గీతలుగా బురద పులుముతోంది. వాళ్ళాయన బ్రేకు గట్టిగా తొక్కాడు. జీపు అంచుకు రెండు మూరల దూరంలో ఆగింది. పక్కన లోయ.

ఆ సాయంత్రం అక్క చదువుకి వచ్చింది గానీ పలక పట్టుకోలేదు. "వైపర్ తిరుగుతూనే ఉంది కదా పంతులమ్మా, మరి అద్దం ఎందుకు తుడవలేదు?" అని అడిగింది. అప్పుడు నాకూ తెలీదు. మరుసటి ఆదివారం మెకానిక్ షెడ్డుకి వెళ్ళి అడిగి తెలుసుకున్నాను.

వైపర్‌కి ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. ఆ చేతికి పట్టీ. పట్టీకి సన్నని రబ్బరు. లోపల చిన్న మోటారు ఆ చేతిని అటూ ఇటూ తిప్పుతుంది. చేతిలో ఉన్న స్ప్రింగు రబ్బరుని అద్దానికి అదిమి ఉంచుతుంది. అద్దాన్ని తుడిచేది మాత్రం రబ్బరు అంచు ఒక్కటే. అది అటు వెళ్ళేటప్పుడు ఇటు వాలుతుంది, ఇటు వచ్చేటప్పుడు అటు వాలుతుంది. మెత్తగా ఉంటేనే అలా వాలగలదు.

ఆ రబ్బరు ఎండాకాలంలోనే పాడవుతుంది. బండి ఎండలో నిలబడితే రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. వానాకాలంలో నీళ్ళు ఎక్కువ కాబట్టి లోపం అంతగా తెలీదు. చలికాలం వచ్చేసరికి బయటపడుతుంది. చలికి రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది. పైగా మంచు అంటే వాన కాదు. అద్దం మీది దుమ్ముని కడిగేంత నీరు మంచులో ఉండదు. దుమ్మూ, మంచు తడీ కలిసి పేడనీళ్ళలా అవుతాయి. వైపర్ దాన్ని పులుముతుంది. ఆ అక్క చూసింది అదే.

రబ్బరు పాడయిందని ఎలా తెలుస్తుంది? గీతలు పడతాయి. కిర్రుమని చప్పుడు వస్తుంది. ఒకవైపు వెళ్ళేటప్పుడు బాగా తుడిచి, తిరిగి వచ్చేటప్పుడు దడదడ గెంతుతుంది. అంటే రబ్బరు ఒకవైపుకే వంగి బిగుసుకుపోయిందన్న మాట. వేళ్ళతో పట్టుకుని వంచి చూడండి. మెత్తగా వంగాలి. బీటలు కనబడితే మార్చాల్సిందే. మన ఎండలకి ఏడాదికి ఒకసారైనా మార్చడం మంచిది. నన్నడిగితే వానలు తగ్గాక, చలి మొదలవకముందు మార్చుకోవాలంటాను.

ఇప్పుడు కొనే సంగతి. వాళ్ళాయన షాపుకెళ్ళి కొత్త వైపర్లు తెచ్చాడు. షాపువాడు చేతికందినవి ఇచ్చేశాడు. బిగిస్తే పొడవెక్కువైంది. కొస అద్దం చట్రానికి తగిలి కొట్టుకుంది. డబ్బు దండగ.

రెండోసారి అక్క తనూ వెళ్ళింది. ఇంట్లో జాకెట్లు కుట్టే టేపు ఉంది కదా, దానితో పాత పట్టీని ఈ కొస నుంచి ఆ కొసకి కొలిచింది. 12 అంగుళాలు. చేతి మీద రాసుకుంది. పాత పట్టీని కూడా సంచిలో వేసుకుంది. షాపులో అట్టపెట్టె తిప్పి చూసింది. "ఇది 14 కదా బాబూ, మాది 12" అంది. వాళ్ళాయన ఆమె ముఖం కేసి చూసి, "అదేటి, చూసీసరికే చెప్పీసినావే!" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు అక్క నవ్వు మీరు చూడాల్సింది.

పెట్టె మీద కొలత అంగుళాల్లో ఉంటుంది, లేదా మిల్లీమీటర్లలో ఉంటుంది. 1 అంగుళం అంటే సుమారు 25 మిల్లీమీటర్లు. కాబట్టి 12 అంగుళాలంటే సుమారు 300. 16 అంటే సుమారు 400. 20 అంటే సుమారు 500. చాలా కార్లకి డ్రైవరు వైపుది పొడుగు, రెండోది పొట్టి. అందుకని రెండూ కొలవాలి. చేతికి తగిలించే కొక్కెం కూడా రకరకాలుగా ఉంటుంది. పాత పట్టీ పట్టుకెళ్ళమన్నది అందుకే. కొన్నింటికి రబ్బరు ఒక్కటే విడిగా దొరుకుతుంది. ఇనుప పట్టీ తుప్పు లేకుండా తిన్నగా ఉంటే రబ్బరు మారిస్తే చాలు, ఖర్చు తగ్గుతుంది.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. పట్టీ తీసేశాక ఒట్టి ఇనుప చెయ్యి స్ప్రింగు బలానికి ఠక్కున అద్దం మీద పడొచ్చు. అద్దం పగులుతుంది. ముందే అద్దం మీద మడతపెట్టిన దుప్పటి పరవాలి.

కొత్తవి కొన్నాక చూసుకోవడం మన చేతిలో పనే. పొద్దున్నే ఎండిన అద్దం మీద వైపర్ వెయ్యకూడదు. ఇసుక రేణువులు అద్దాన్ని గీకేస్తాయి. ముందు రెండు చెంబుల నీళ్ళు కొట్టాలి. తర్వాత తడి గుడ్డతో రబ్బరు అంచుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడవాలి. గుడ్డకి ఎంత నల్లటి మడ్డి అంటుతుందో చూడండి! కొందరు మురికి పోతుందని కిరసనాయిలు, డీజిలు రాస్తారు. వద్దు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బునీళ్ళు చాలు. రాత్రి అద్దం మీద శుభ్రమైన టార్పాలిన్ కప్పితే పొద్దున్న మంచు తడి ఉండదు.

ఇంకో మాట. ఒక్కోసారి వైపర్ మంచిదే, అద్దం మాత్రం మసక. అప్పుడు లోపలి వైపు వేలితో గీత గీయండి. గీసినచోట తేటగా కనబడితే మసక లోపలే ఉంది. అది మన ఊపిరి ఆవిరి. జీపులో పదిహేనుమందిమి ఇరుక్కుని కూర్చుంటే చల్లని అద్దానికి ఆవిరి పడుతుంది. బయటి వైపర్ ఎంతసేపు తిరిగినా అది పోదు. పక్క పరదా కొంచెం తీసి గాలి రానివ్వాలి, పొడిగుడ్డతో తుడవాలి. కార్లలో అయితే ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పుతారు.

మనవాళ్ళ పిల్లలు కొందరు అమెరికాలో ఉంటున్నారు. అక్కడ కొన్నిచోట్ల చలికాలంలో మంచు గడ్డకట్టి రబ్బరు అద్దానికి అతుక్కుపోతుంది. అలాంటప్పుడు వైపర్ వేస్తే మోటారు పాడవుతుంది. వేడినీళ్ళు పోస్తే అద్దం పగలొచ్చు. ముందు గడ్డని గీకి తీస్తారు. మంచు పడే రాత్రి చాలామంది వైపర్లను పైకెత్తి ఉంచుతారు. గడ్డకట్టని మందు కలిపిన నీళ్ళు వాడతారు. ఆ నీళ్ళు విషం. పిల్లలకి అందనివ్వకూడదు.

వైపర్ ఆలోచన కూడా అలాంటి మంచులోనే పుట్టింది. మేరీ ఆండర్సన్ అనే ఆమెది అమెరికాలో అలబామా రాష్ట్రం. 1902 ప్రాంతంలో చలికాలంలో న్యూయార్క్ వెళ్ళి ట్రాము బండి ఎక్కింది. మంచువాన పడుతోంది. డ్రైవరు ముందు అద్దం తెరుచుకుని, ముఖానికి చలి కొడుతుండగా నడుపుతున్నాడు. లోపల కూర్చునే అద్దం తుడిచే ఉపాయం లేదా అని ఆమె ఆలోచించింది. చేతితో తిప్పే పిడి, బయట రబ్బరు పట్టీ. 1903 నవంబరు 10న దానికి పేటెంటు, అంటే ఆ ఆలోచన ఆమెదే అన్న ప్రభుత్వ కాగితం వచ్చింది. అయినా దాన్ని ఎవరూ కొనలేదు. లాభం రాదన్నారు. 1920లో ఆ కాగితం గడువు తీరింది. తర్వాత బండ్లన్నిటికీ వైపర్లు వచ్చాయి. ఆమెకు మాత్రం పైసా రాలేదు. 1953లో చనిపోయింది.

చేయండి, రాయండి

మీరు ఎక్కే జీపు దగ్గరికి టేపు తీసుకెళ్ళండి. డ్రైవరు తమ్ముడిని అడిగి కొలవండి.

డ్రైవరు వైపు: ........ అంగుళాలు
రెండో వైపు: ........ అంగుళాలు
రబ్బరు మెత్తగా ఉందా, బీటలు వారిందా? ........
మార్చిన నెల, సంవత్సరం: ........