కొత్త కార్డు అడిగే ముందు

చిరంజీవి బాబుకి,

నువ్వు పంపిన వీడియో చూశాను. ఆట మధ్యలో తెర నిండా ఆకుపచ్చ గళ్లు పడ్డాయి, ఆ వెంటనే తెర నల్లబడిపోయింది, ఫ్యాన్ల మోత మాత్రం ఆగలేదు. ఒక్కోసారి కంప్యూటర్ మొత్తం దానంతటదే రీస్టార్ట్ అవుతోందని కూడా రాశావు. చివర్లో, "గ్రాఫిక్స్ కార్డు పోయింది పిన్నీ, నాన్నతో చెప్పి కొత్తది ఇప్పించు" అన్నావు.

బావగారితో నేనింకా మాట్లాడలేదు. పోయింది కార్డేనని నువ్వు నాకు చూపించిన రోజున నేనే మాట్లాడతాను. ఇప్పటికి మనకి తెలిసింది తెర మీద కనబడుతున్నదే. అలాంటి గళ్లు, అలాంటి నలుపు కార్డు చెడినా వస్తాయి, కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, చాలకపోయినా వస్తాయి. డ్రైవర్ పాడైనా, కేబుల్ లూజైనా, దుమ్ముతో వేడెక్కినా అవే వస్తాయి. వీటిలో ఒక్కదానికే కొత్త కార్డు కావాలి. చెరకు డబ్బులు చేతికొచ్చేదాకా మీ నాన్న ఎన్ని ఖర్చులు వాయిదా వేస్తున్నారో నీకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఒక నోటుపుస్తకం తీసుకో. ఆగిపోయిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ ఆట, మొదలెట్టి ఎంతసేపయింది, ఆ సమయానికి ఇంట్లో బోరు మోటారు గానీ ఫ్రిజ్ గానీ నడుస్తోందా, అన్నీ రాసుకో. ఇక ఒకసారికి ఒక్కటే మార్చు. డ్రైవర్ మార్చి, కేబుల్ మార్చి, దుమ్ము దులిపి, అన్నీ ఒకే పూట చేసేశావనుకో, బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో తెలీదు. నెల తిరక్కుండా మళ్లీ అదే గొడవ. పాలిటెక్నిక్ ల్యాబులో నా దగ్గరకొచ్చే పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే. చాలామందికి విసుగ్గా ఉంటుంది. కానీ తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగే పిల్లలు ఓపిగ్గా ఇలా చేసేవాళ్లలోంచే వస్తారు.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. అందులో సిస్టమ్ చిట్టా తెరిచి, ఆగిపోయిన టైముకి ఏం నమోదైందో చూడు. 4101 నంబరు కనబడితే, డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసిందని, విండోస్ దాన్ని మళ్లీ లేపిందని అర్థం. మామూలుగా 2 సెకన్లు చూసి అప్పటికీ కార్డు నుంచి జవాబు రాకపోతే విండోస్ ఆ పని చేస్తుంది. అప్పుడు మన అనుమానం కార్డు మీదికో డ్రైవర్ మీదికో వెళ్తుంది. 4101 ఎక్కడా లేకుండా కెర్నల్-పవర్ 41 ఒక్కటే ఉంటే, యంత్రం పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఉన్నట్టుండి ఆగిపోయిందని అర్థం. 41 కారణం చెప్పదు. కానీ ఆట ఊపందుకున్నప్పుడే అది వస్తుంటే నేను ముందు కరెంటు వైపు చూస్తాను.

గళ్ల సంగతి తేల్చడానికి సులువైన పరీక్ష ఒకటుంది. గళ్లు కనబడుతున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మని ఫోనుకి పంపుకుని చూడు. ఫోనులో శుభ్రంగా ఉంటే కార్డు బొమ్మని సరిగ్గానే గీసింది, దారిలో చెడింది. అంటే కేబులో, మానిటరో, కార్డు వెనక సాకెట్టో. ఫోనులోనూ గళ్లుంటే బొమ్మ కేబుల్‌దాకా రాకముందే చెడుతోంది. ఇంకొకటి, కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ ఇంకా రాకముందు మదర్‌బోర్డు కంపెనీ పేరు పడుతుంది కదా, అక్కడే గీతలుంటే డ్రైవర్‌ని ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్ వచ్చాకే గీతలు మొదలైతే, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత డ్రైవర్‌ని పూర్తిగా తుడిచేసి, నీ కార్డు చిప్పు చేసిన ఏఎమ్‌డీ సైటు నుంచి కొత్తది వేసుకో.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. నా అనుమానమంతా దాని మీదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చిన ఆ డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేసి ఉంటుంది. ఆ అంకెని నమ్మకు. దాని పక్కనే చిన్న పట్టికలో 3.3, 5, 12 వోల్టులకి వేర్వేరు గళ్లుంటాయి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని ఉందో చూసి 12తో హెచ్చవేయి. 16 ఆంపియర్లుంటే వచ్చేది 192 వాట్లు. 12 వోల్టులకి రెండు గళ్లుంటే వాటిని కూడకు, రెంటికీ కలిపి ఇచ్చిన వాట్ల అంకె కింద ఉంటుంది, అది తీసుకో. నీ ఆర్ఎక్స్ 580 కార్డు పూర్తి లోడు మీద ఒక్కటే 185 వాట్ల దాకా లాగుతుంది. ప్రాసెసర్‌కి ఇంకో 65 వేసుకో. రెండూ కలిపి 250 వాట్లు, అంటే 12 వోల్టుల మీద దాదాపు 21 ఆంపియర్లు. 16 ఇచ్చే డబ్బాని 21 అడిగితే ఏమవుతుందో నీ తెర చెబుతోందేమో చూడాలి. ఈ కార్డుకి 500 వాట్ల సప్లై పెట్టమని ఏఎమ్‌డీయే సూచించింది. సినిమా చూస్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేకుండా, ఆటలో పేలుళ్లు వచ్చినప్పుడే ఆగిపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. సినిమాకి కార్డు తీసుకునే కరెంటు చాలా కొద్ది.

కార్డుకి వెళ్లే వైరు కూడా చూడు. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు ఇస్తుంది, 8 పిన్నుల కనెక్టర్ 150 ఇస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఆ కనెక్టర్ లేక, పాత హార్డ్ డిస్కులకి వాడే మోలెక్స్ ప్లగ్గుల నుంచి కన్వర్టర్ తగిలించారేమో చూడు. చౌక కన్వర్టర్లు వేడెక్కితే వాటి ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది. అలా ఉంటే ఆ క్షణమే ఆట ఆపెయ్. మల్టీమీటర్ దొరికితే, ఆట నడుస్తుండగా ఖాళీగా ఉన్న మోలెక్స్ ప్లగ్గులో పసుపు, నలుపు వైర్ల మధ్య కొలువు. 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులు పైగా నిలవ ఉంటుంది. ఇది నీకు హెచ్చరిక కాదు, ఆజ్ఞ.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి చెప్తాను. ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని 20 శాతం తగ్గించి, ఆటని సెకనుకి 60 ఫ్రేములకి కట్టేసి, రెండు మూడు రోజులు ఆడి చూడు. ఆగిపోవడం మానేస్తే కరెంటో వేడో కారణం. గళ్లు అప్పటికీ వస్తుంటే ఆ పవర్ లిమిట్‌ని మళ్లీ మామూలుకి తెచ్చి, ఈసారి కార్డు మెమరీ వేగం 2000 నుంచి 1750 మెగాహెర్ట్జ్‌కి దించు. దాంతో గళ్లు తగ్గితే మెమరీ చిప్పులు అలిసిపోయాయన్నమాట.

క్యాబినెట్ తాకితే చేతికి జిల్లుమంటోందని మీ అమ్మ ఆమధ్య ఫోన్లో అంది. అది అసలు ఊరుకోవలసిన సంగతి కాదు. ఎర్తింగ్ లేదు, లేదా ఎర్త్ గొయ్యి ఎండిపోయింది. వేసవిలో మన ఇళ్లలో జరిగేదే. గోతిలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ చూపించాకే కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యి.

దుమ్ము గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గానుగాట మొదలైతే చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లు, లారీలు లేపే దుమ్మంతా రోడ్డు పక్క ఇళ్లలోకే వస్తుంది. బెల్లం పెనాల పొగ ఒకటి. పైగా సముద్రపు గాలి తేమ. దుమ్ము, మసి, తేమ కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య పేస్టులా అంటుకుపోతాయి, ఊదితే రావు. మెత్తటి బ్రష్షుతో తియ్యి. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని దులుపు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టించకు, ఆ గాలిలో నీటి తుంపరా నూనే ఉంటాయి. కార్డు తీసేముందు ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ లోహాన్ని తాకి, స్లాటు చివరి క్లిప్పు వదులు చేశాకే లాగు. బంగారు రంగు అంచుని పొడి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరాక టిక్కుమనేదాకా నొక్కి పెట్టు. సగం నొక్కిన కార్డులు నా చేతిమీదుగా చాలానే వెళ్లాయి.

వేడిని గది లెక్కతో కలిపి చూడు. కార్డు గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందనుకో. డిసెంబరులో గది 25 ఉంటే కార్డు 70. మే నెలలో గది 40 అయితే కార్డు 85. 90 దగ్గరికొస్తే తనే వేగం తగ్గించుకుంటుంది. కార్డులో ఏ మార్పూ లేకుండానే చలికాలంలో ఆడిన ఆట వేసవిలో ఆగుతుంది. అందుకని నోటుపుస్తకంలో గది వేడి కూడా రాయి.

ఇక నీ కార్డు చరిత్ర. రాజా కోడూరి పేరు వినే ఉంటావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఏఎమ్‌డీ రేడియాన్ విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే, 2017 ఏప్రిల్‌లో, ఆర్ఎక్స్ 580 వచ్చింది. మన విశాఖలో చదివిన మనిషి నడిపిన విభాగం నుంచి వచ్చిన కార్డు నీ బల్ల మీద ఉంది, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలని నాకు పట్టుదల. ఆ కార్డుల్లో ఎన్నో ఆటలకి కాక ఎథీరియం అనే డిజిటల్ నాణేల మైనింగ్‌కి వెళ్లాయి. రాత్రీ పగలూ నడిచాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేశాక సెకండ్‌హ్యాండ్ బజారులోకి వచ్చి పడ్డాయి. నువ్వు కొన్నది అందులోదేమో. మైనింగ్ వాళ్లు తమ పనికి వీలుగా కార్డు బయాస్‌లో మెమరీ టైమింగులు మార్చేవారు. అలాంటి బయాస్‌తో ఆటలో గళ్లు రావడం వింతేమీ కాదు. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి షేడర్లు ఎన్నో చూడు. 2304 ఉంటే అసలు 580. 2048 ఉంటే పేరు ఒకటే, సరుకు తక్కువది. కొన్ని కార్డుల అంచున చిన్న బయాస్ స్విచ్చి ఉంటుంది. కంప్యూటర్ ఆపి దాన్ని రెండోవైపుకి నెట్టి చూడు, అక్కడ కంపెనీ బయాస్ మార్చకుండా ఉండొచ్చు. ఫ్లాష్ చేయడం మాత్రం నేను వచ్చేదాకా వద్దు.

ఎవరైనా "హీట్ కొడితే వచ్చేస్తుంది" అంటే డబ్బులివ్వకు. వేడెక్కడం, చల్లారడం పదే పదే జరిగి చిప్పు లోపలి సన్నటి అతుకులు తెగుతాయి. బయట నుంచి గాలితో కాల్చితే అవి కొన్నాళ్లు తగిలి మళ్లీ విడిపోతాయి. ఈ జబ్బుతో పెద్ద కంపెనీలే దెబ్బతిన్నాయి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 వారంటీని మూడేళ్లకి పొడిగించి వంద కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టింది. 2008 జులైలో ఎన్‌విడియా, ల్యాప్‌టాప్ చిప్పులు చెడుతున్నాయని 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. హీట్ గన్‌తో కుదిరే పనే అయితే అన్ని కోట్లు ఎందుకు వదులుకుంటారు?

ఇవన్నీ అయ్యాక ఆఖరి పరీక్ష. మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో నీ కార్డు పెట్టి అదే ఆట అంతసేపే ఆడు. అక్కడా గళ్లొస్తే కార్డు చెడింది, అనుమానం లేదు. అక్కడ బాగా నడిస్తే నీ ఎస్‌ఎంపీఎస్, లేదా మీ ఇంటి కరెంటు. నువ్వు రాసినదాన్నిబట్టి నా తీర్పు ఎస్‌ఎంపీఎస్ వైపే ఉంది. ఒకవేళ కార్డే పోయినా ముందు మంచి సప్లై కొనుక్కోవాలి. ఇప్పుడున్న డబ్బాకి కొత్త కార్డు తగిలిస్తే దానికీ ఇదే గతి పట్టొచ్చు.

ఆదివారం లోపు రెండు పంపు నాన్నా, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో, ఈవెంట్ వ్యూయర్‌లో ఆగిపోయిన టైముకి వచ్చిన నంబరు. ఆ రెండూ చూశాక బావగారికి ఫోన్ చేస్తాను. అందాకా కార్డుని ఎవరికీ అమ్మకు, మారకానికి ఇవ్వకు.

నీ పిన్ని
విశాఖపట్నం