అమ్మమ్మ టికెట్టు, మనవరాలి పద్దు

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. కోడలికి ఇది రెండో కాన్పు. మొదటి కాన్పుకు వియ్యపురాలు వెళ్లొచ్చారు, ఈసారి మా వంతు. నేనూ మావారూ వెళ్లడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాం. ఈలోగా హైదరాబాదులో ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కూతురు పేచీ పెట్టింది. ‘అమ్మమ్మా, మీ ఇద్దరూ వెళ్లొచ్చేసరికి అయ్యే కార్బన్, మన దేశంలో ఇద్దరు మనుషులు ఏడాదంతా బతికితే అయ్యేంత. మీరు ఎగిరొస్తారు, ఎండలు మేం భరించాలి. ఇది న్యాయమేనా?’ అంటోంది. చిన్నపిల్ల మాట అని కొట్టిపారేయలేకపోతున్నాను. వెళ్లడం తప్పంటారా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: మీ మనవరాలి లెక్క తప్పు కాదండీ. అక్కడి నుంచే మొదలుపెడదాం. ఇప్పటి పెద్ద విమానాలు నిండుగా ఎగిరినా ఒక్కో ప్రయాణికుడికి వంద కిలోమీటర్లకు సుమారు మూడు లీటర్ల ఇంధనం తాగుతాయి. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా డాలస్ వెళ్లి రావడమంటే ముప్పై వేల కిలోమీటర్ల పైమాటే, అంటే మనిషికి తొమ్మిది వందల లీటర్లు. కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టి, కాలినదానికంటే వెలువడేది బరువెక్కువ. మొత్తం చూస్తే మనిషికి రెండు టన్నుల పైచిలుకు తేలుతుంది. మన దేశంలో సగటు మనిషి వాటా, కరెంటు, బస్సు, సిమెంటు, ఉక్కు అన్నీ కలుపుకొని ఏడాదికి రెండు టన్నుల దగ్గరే ఉంది. అమ్మాయి బాగానే చదువుకుంది.

ఇందులోకి న్యాయం అన్న మాట ఎందుకు వచ్చిందో కూడా చూద్దాం. విమానం వెనక సాగే తెల్లటి చార కొన్ని గంటల్లో చెదిరిపోతుంది, అది పెంచే వేడీ దానితోనే పోతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా పోదు. ఈరోజు వదిలినదానిలో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్ల తర్వాతా గాలిలోనే ఉంటుంది. ప్రయాణం చేసేది ఒకరు, దాని వేడిని మోసేది ఇంకా ఓటు రాని, కొన్నిసార్లు ఇంకా పుట్టని మరొకరు. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 1960లో పుట్టినవారినీ 2020లో పుట్టినవారినీ పక్కపక్కన పెట్టి చూసింది. దేశాలు అప్పటికి ఇచ్చిన హామీల మేరకే నడుచుకుంటే, 2020లో పుట్టిన బిడ్డ జీవితకాలంలో చూసే వడగాడ్పులు ముందు తరం చూసినవాటికి దాదాపు ఏడు రెట్లు. మీరు ఇంచుమించు ఆ మొదటి జట్టువారు, డాలస్‌లో పుట్టబోయే బిడ్డ రెండో జట్టు. వడగాడ్పు అంటే ఏమిటో మన రెండు రాష్ట్రాలకు వేరే చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండదెబ్బకు చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021లో తమ ప్రభుత్వపు వాతావరణ చట్టాన్ని తప్పుపట్టింది కూడా ఈ తర్కంతోనే. ఇప్పటివాళ్లు తేలిగ్గా ఖర్చు చేసేసి, 2030 తర్వాత బతికేవాళ్ల మీద మొత్తం కోతను నెట్టడం వాళ్ల స్వేచ్ఛను లాక్కోవడమేనని ఆ తీర్పు సారాంశం.

ఇంతవరకూ మీ మనవరాలితో నాకు పేచీ లేదు. తప్పును మీ తరం మీద మోపడం దగ్గరే నేను ఆగుతాను. ఈ వాదం బలంగా లేచింది స్వీడన్‌లో. విమానం ఎక్కడానికి సిగ్గుపడటం అనే అర్థంలో ‘ఫ్లుగ్‌స్కామ్’ అనే మాట 2018 ప్రాంతంలో అక్కడ వ్యాప్తిలోకి వచ్చింది. గ్రేటా థున్‌బర్గ్ 2019లో న్యూయార్క్ సదస్సుకు తెరచాప పడవలో వెళ్లడంతో ప్రపంచమంతా దాన్ని విన్నది. ఆ దేశంలో తాతలు, అమ్మమ్మలు దశాబ్దాలుగా సెలవుల కోసం స్పెయిన్‌కూ థాయ్‌లాండ్‌కూ ఎగిరినవాళ్లు. అక్కడ పిల్లలు పెద్దల వైపు వేలు చూపిస్తే అది సరైన మనిషినే చూపిస్తుంది. తెలుగు ఇళ్లలో లెక్క తిరగబడుతుంది. మీ ఈడువారిలో చాలామంది మొదటిసారి విమానం ఎక్కింది అరవై దగ్గరపడ్డాక, అదీ పిల్లల కోసం. అంతకుముందు నలభై ఏళ్లు ఆర్టీసీ బస్సులో, స్లీపర్ క్లాసులో తిరిగారు, బట్టలు ఎండలో ఆరేశారు, ఫ్యాను కింద పడుకున్నారు. మన దగ్గర ఈ బాకీ పెంచుతున్నది ఎక్కువగా మధ్యలో ఉన్న సంపాదనపరుల తరం. మీ అబ్బాయి అమెరికాలో సగటు జీవితం గడిపినా ఏడాదికి 14 టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. వయసును బట్టి దోషిని తేల్చే పద్ధతిని స్వీడన్ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే, మన ఇళ్లలో అది అందరికంటే తక్కువ ఖర్చు చేసినవాళ్ల మీద పడుతుంది.

ఇక మీ ప్రయాణం సంగతి. మీరిద్దరూ వెళ్తే రెండు టికెట్లు. మీరు వెళ్లకపోతే, బిడ్డను చూపించడానికి ఆ కుటుంబం ఇక్కడికి రావాలి. అంటే పెద్దలు ఇద్దరు, పెద్దబిడ్డ, చంటిబిడ్డ. ఒడిలో కూర్చునే బిడ్డను వదిలేసినా మూడు సీట్లు, అదీ వాళ్లకు దొరికే రెండు మూడు వారాల సెలవు కోసం. సందర్శకుల వీసా మీద వెళ్లిన పెద్దలకు సాధారణంగా ఆరు నెలల వరకూ ఉండనిస్తారు. బంధం తెంచుకోకుండా కార్బన్ తగ్గించాలంటే, సెలవుకు కట్టుబడ్డవాళ్లు తరచూ ఎగరడం కంటే, తీరిక ఉన్నవాళ్లు అరుదుగా వెళ్లి ఎక్కువ కాలం ఉండటమే నయం. కాబట్టి వెళ్లండి. కాన్పుకు ముందే వెళ్లి, బిడ్డ బోర్లాపడటం కూడా చూసి రండి. ఎకానమీలోనే వెళ్లండి. వెనక్కి వాలిపోయే సీటు విమానంలో చాలా చోటు ఆక్రమిస్తుంది గనుక బిజినెస్ క్లాసు వాటా దాదాపు మూడు రెట్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులుండి డాక్టరు చెబితే అది వేరే మాట. అయితే ఈ వెసులుబాటు ఏటా వాడుకునేది కాదు. ప్రతి వేసవికీ రెండు నెలలు వెళ్లి వచ్చే అలవాటు మొదలైతే, మీ మనవరాలు మళ్లీ అడుగుతుంది, అప్పుడు నేను ఆమె వైపే ఉంటాను.

ప్రశ్న: హైదరాబాదులో కన్సల్టింగ్ ఉద్యోగం. వయసు 34. నెలకు నాలుగైదుసార్లు బెంగళూరు, ముంబయి తిరుగుతాను. ఏడాదికోసారి కుటుంబంతో విదేశీ టూరు. విమానాలు మానాలంటూ ఈమధ్య వింటున్న మాటలు నాకు అన్యాయంగా తోస్తున్నాయి. మా నాన్న జీవితంలో విమానం ఎక్కలేదు. మా తరానికి ఇప్పుడిప్పుడే అందింది, ఇప్పుడే దిగమంటే ఎలా? పైగా ప్రపంచ ఉద్గారాల్లో విమానాల వాటా రెండున్నర శాతమే. నేను ఎక్కకపోయినా విమానం ఆగదు కదా?
– హైదరాబాదు పాఠకుడు

జవాబు: చివరి మాట ముందు తీసుకుంటాను. మీరు ఎక్కని ఆ రోజు విమానం ఆగదు, నిజమే. కానీ ఏ రూటుకు ఎన్ని సర్వీసులన్నది ఆర్టీసీ డిపోలో ఎలా తేలుతుందో విమాన సంస్థల్లోనూ అలాగే తేలుతుంది. కిటకిటలాడితే ఇంకోటి వేస్తారు, ఖాళీగా తిరిగితే తీసేస్తారు. స్వీడన్‌లో సిగ్గు మాట జోరుగా నడిచిన 2019లో, అక్కడి ప్రభుత్వ విమానాశ్రయాల్లో దేశీయ ప్రయాణికులు 9 శాతం తగ్గారు. పన్ను, ఆర్థిక మందగమనం కూడా అందులో పాలుపంచుకున్నాయి గానీ, జనం మానేస్తే సంఖ్య కదులుతుందని మాత్రం తేలింది. అదే దేశం 2018లో వేసిన విమాన పన్నును 2025 జులైలో ఎత్తేసింది. సిగ్గు మీద మాత్రమే నిలబడిన మార్పు ఎంత తొందరగా వెనక్కి పోతుందో కూడా దీన్నిబట్టి గ్రహించాలి. అందుకే మీకు సిగ్గుపడమని చెప్పను.

రెండున్నర శాతం అన్నది చిన్న అంకెలా కనిపించేది దాన్ని ప్రపంచ జనాభా అంతటికీ పంచినప్పుడు. 2018 లెక్కలతో చేసిన ఒక పరిశోధన ప్రకారం ఆ ఏడాది విమానం ఎక్కినవాళ్లు ప్రపంచంలో 11 శాతం మించలేదు. ప్రయాణికుల విమానాల కార్బన్‌లో సగానికి కారణం జనాభాలో ఒక్క శాతం. నెలకు నాలుగైదుసార్లు ఎగిరే మీరు ఆ ఒక్క శాతంలోనో, దాని గడపలోనో ఉన్నారు. పైగా మేఘపు చారలు, ఇతర వాయువులు కలిపి చూస్తే భూతాపంలో విమానాల పాత్ర మూడున్నర శాతం దాకా వెళ్తుంది. మిగతా రంగాల్లో మార్గం కనిపిస్తోంది. బొగ్గు కరెంటుకు సౌరఫలకం ఉంది, పెట్రోలు స్కూటరుకు బ్యాటరీ స్కూటరు ఉంది. డాలస్ దాకా ఎగిరే బ్యాటరీ విమానం లేదు. వాడేసిన వంటనూనెలాంటి వాటితో చేసే పచ్చ ఇంధనం 2024లో ప్రపంచ విమాన ఇంధనంలో అర శాతం కూడా లేదు. మన దేశం అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2030కి 5 శాతం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే, కానీ మిగతా 95 శాతం కిరోసిన్ లాంటి పాత ఇంధనమే. టికెట్‌తోపాటు నాలుగు మొక్కల డబ్బు కట్టేస్తే సరిపోతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. చెట్టు కాలిపోవచ్చు, కొట్టేయవచ్చు, వదిలిన కార్బన్ మాత్రం ఉండిపోతుంది.

మీ మొదటి మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తండ్రికి అందనిది కొడుక్కి అందినప్పుడు దాన్ని వదులుకోమనడం క్రూరంగానే ఉంటుంది. కానీ మీ నాన్నగారికి అందనిదీ, మీకు అందినదీ ఒకటేనా చూడండి. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాదుకు సర్వీసు మొదలైనప్పుడు తొలిసారి విమానం ఎక్కినవారి సంతోషం, మీ నెలవారీ ప్రయాణాలు ఒకే తరాజులో తూగవు. తొలి ప్రయాణాన్ని ఎవరూ లాక్కోవద్దు. యాభైయ్యోదాన్ని గురించే మనం మాట్లాడుకుంటున్నాం. దానిలో మీ కోరిక ఎంత, మీ కంపెనీ అలవాటు ఎంత? 2020లో కొన్ని నెలలు విమానాలే లేనప్పుడు ఆ సమావేశాలన్నీ తెర మీదే నడిచాయి, ప్రాజెక్టులు పూర్తయ్యాయి. ఐదు ప్రయాణాల్లో మూడు తెర మీదికి మార్చమని మీ పై అధికారిని అడగండి. కాచిగూడ నుంచి బెంగళూరుకు వందే భారత్ ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. విమానమైతే శంషాబాదు, దేవనహళ్లి దారులు, భద్రతా తనిఖీలు కలిపి ఐదు గంటలకు తగ్గదు. తేడా మూడున్నర గంటలు, రైల్లో కూర్చుని చేసుకోగలిగిన పనికి ఆ గంటలు నష్టమేమీ కాదు. ముంబయికి రాత్రి రైలు ఉంది. విజయవాడకు మాత్రం విమానం ఎక్కడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా కనిపించదు. రెండున్నర గంటల్లో రైలు చేర్చగల చోట్లకు విమానాలు నడపకూడదని ఫ్రాన్స్ 2023లో అమల్లోకి తెచ్చిన నిబంధనకు దొరికినవి మూడు రూట్లే. చాలామంది దాన్ని వేళాకోళం చేశారు. నాకు అది మంచి ఆరంభంగానే తోస్తుంది. మీ కుటుంబ టూరు మీద నా ఫిర్యాదు ఏమీ లేదు. ఏడాది మార్చి ఏడాది వెళ్లండి చాలు.

ప్రశ్న: గాలిని పాడుచేసింది అమెరికా, యూరప్. ఇప్పుడు మనకు విమానం ఎక్కొద్దని పాఠాలా? వాళ్లు ముందు బాకీ తీర్చాక మన సంగతి చూడొచ్చు. నాకు ఇద్దరు మనవలు, వాళ్లూ ఎగరాలి కదా!
– విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: మీ కోపం న్యాయమైనది. పారిశ్రామిక యుగం నుంచి ఇప్పటిదాకా ఇంధనాల వల్ల గాలిలోకి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, మన దేశానిది మూడు శాతం మాత్రమే. అంతర్జాతీయ వేదికల మీద మనవాళ్లు ఈ మాట గట్టిగా అడగాల్సిందే. కానీ దేశాల మధ్య లెక్క చూపించి దేశంలోపలి లెక్కను దాచకూడదు. మీ జిల్లాలో మే ఎండలో ఉపాధి పనికి వెళ్లే కూలీ విమానం ఎక్కలేదు. ఆమె పిల్లలు ఎక్కుతారన్న భరోసా లేదు. హైదరాబాదులో వారం వారం ఎగిరేవాడు ఆమె తక్కువ ఖర్చును ‘మన సగటు’ అని చెప్పుకుని దాని వెనక నిలబడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆమె టూవీలరులో పోయించుకునే పెట్రోలు మీద పన్ను ఉంది. 1944 షికాగో ఒప్పందం, దాని వెంట దేశాలు చేసుకున్న ఒప్పందాల వల్ల అంతర్జాతీయ విమానాల ఇంధనం చాలాచోట్ల పన్ను లేకుండానే పోస్తున్నారు. మనవలు ఎగరాలన్నారు కదా, వాళ్ల వంతు మిగలాలంటే ఇప్పుడు ఎక్కువ వాడుతున్నవాళ్లు తగ్గించుకోవాలి.

దీనికి న్యాయమైన పద్ధతి ఉంది. ఏడాదిలో మొదటి ప్రయాణానికి అదనపు పన్ను ఉండకూడదు, రెండోదానికి కొద్దిగా, నాలుగు ఐదు దాటితే బాగా ఎక్కువగా ఉండాలి. బ్రిటన్‌లో కొన్నేళ్లుగా ఇది అడుగుతున్నారు. ఇది తెల్లవాళ్ల ఆలోచన మాత్రమే కాదు. 2025లో ఖరీదైన తరగతుల మీద, ప్రైవేటు జెట్ల మీద సుంకం వేద్దామని ఫ్రాన్స్, స్పెయిన్‌లతో పాటు కెన్యా, బార్బడోస్ లాంటి దేశాలు కూడా చేయి కలిపాయి. మన దగ్గర ఇప్పుడు ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, పై తరగతుల మీద 18 శాతం. తరగతిని చూస్తున్నారు, ఎన్నిసార్లు ఎగిరారన్నది చూడటం లేదు. ఎన్నిసార్లు ఎగిరారన్నదాన్ని బట్టి వేసే పన్నుతో వచ్చే డబ్బు రైళ్లకు వెళ్లాలి. వెయిటింగ్ లిస్టు చూసి విసిగి విమానం ఎక్కేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మీ పార్లమెంటు సభ్యుడికి ఈ రెండూ అడుగుతూ ఉత్తరం రాయండి, మీ మనవల వయసులు కూడా అందులో రాయండి.