కాలువ గట్టు మీద సైకిలు

ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తొస్తాయి. బోర్లించిన కుండ. కింద మంట. పలచగా కలిపిన బియ్యప్పిండి. అందులో గుడ్డ ముంచి వేడి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. అది కాగితం కంటే పలచగా ఉంటుంది. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, ఆ పేరు ఆ ఊరి సొత్తు అని ప్రభుత్వం ఒప్పుకుంది.

ఈ రేకులు హైదరాబాదు వెళ్తాయి. విమానం ఎక్కి అమెరికా కూడా వెళ్తాయి. మరి రేకు తీసిన చెయ్యి ఎంత దూరం వెళ్ళింది?

ఒక కోడలి సంగతి చూద్దాం. ఇలాంటి కోడళ్ళు ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో ఉంటారు.

ఆమె ఆత్రేయపురం కాపురానికి వచ్చి పదేళ్ళయింది. పుట్టిల్లు ర్యాలి. అది కూడా ఆ మండలంలోనే ఉంది. ఒకరోజు పొద్దున్నే ఫోను వచ్చింది. తల్లికి జ్వరం. లేవలేకపోతోంది. ఇంట్లో మోటారు సైకిలు ఉంది. దాన్ని భర్త పనికి తీసుకెళ్ళాడు. ఆటో నిండితే గాని కదలదు. "సాయంత్రం వాడొచ్చాక వెళ్దువుగానిలే" అంది అత్తగారు. ఆయన చీకటి పడ్డాక వచ్చాడు. మర్నాడు వెళ్ళారు.

"నిన్నంతా గుమ్మం వైపే చూశానే" అంది తల్లి.

ఆ మాట కూతురికి ముల్లులా గుచ్చుకుంది.

సైకిలు దిగిన వసారా

ఆడపడుచు బడికి తొక్కిన సైకిలు వసారాలో ఉంది. ఇప్పుడా పిల్ల బస్సులో కాలేజీకి వెళ్తోంది. సైకిలు తుప్పు పట్టింది. టైర్లలో గాలి లేదు. కోడలు తన రేకుల డబ్బు తీసి దాన్ని బాగు చేయించింది.

"ఈ వయసులో సైకిలేంటమ్మా? నలుగురూ నవ్వుతారు" అంది అత్తగారు.

"నవ్వితే నవ్వనివ్వండి అత్తయ్యా. అమ్మ ఏడ్చినదానికంటే నయమే కదండీ" అంది కోడలు. అత్తగారు ఇంకేం మాట్లాడలేదు.

ఆడపడుచే నేర్పింది. ముందు సీటు కిందకి దింపింది. కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనాలి. మొదటి రోజు పెడలు తొక్కలేదు. కాళ్ళతో నేలని తన్నుకుంటూ ముందుకు పోవడమే. రెండో రోజు కాళ్ళు పైకెత్తి కొంచెం దూరం జారడం. బ్రేకు పట్టి ఆపడం కూడా ఆ రోజే వచ్చింది. నాలుగో రోజు పెడలు మీద కాలు పెట్టింది.

"వదినా, చక్రం వైపు చూడకు. దూరంగా చూడు. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుంది."

రెండుసార్లు పడింది. మోకాలు గీరుకుంది. వారం తిరిగేసరికి వీధి చివరి దాకా వెళ్ళి వచ్చింది.

ఇది కొత్త సంగతి కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో చదువు ఉద్యమం జరిగింది. అక్షరాలతో పాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పారు. పొలం కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ అమ్మలు, అందరూ నేర్చుకున్నారు. మొదట్లో జనం నవ్వారు. వెక్కిరించారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళెక్కి పుదుక్కోట్టై వీధుల్లో సాగిపోయారు.

మొదటి దారి: లొల్ల, వాడపల్లి

ఆదివారం పొద్దున్నే వదినా ఆడపడుచూ బయలుదేరారు. పక్కింటి పిన్ని కూడా తన మనవరాలి సైకిలు తీసుకుని వచ్చింది. ఒక పక్క కాలువ. ఇంకో పక్క వరి చేలు, కొబ్బరి తోటలు, అరటి తోటలు. మంచు ఇంకా విడలేదు.

ఈ దారి చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. సినిమాలు తీస్తారు. 2025 సంక్రాంతికి ఇక్కడి కాలువలో పడవ పందేలు కూడా జరిగాయి. కోడలు మాత్రం ఇన్నాళ్ళూ ఈ దారిని ఆటోలోంచే చూసింది.

దారి పక్కన ఒక బోర్డు కనిపించింది. కోడలు సైకిలు ఆపింది. అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"లొ... ల్ల. ల కింద ల వత్తు. లొల్ల!"

లొల్ల లాకులు పేరున్న చోటు. లాకు అంటే కాలువకు కట్టిన తలుపులు. పూర్వం ఈ కాలువల మీద ధాన్యం పడవలు తిరిగేవి. కాలువ ఒక చోట ఎత్తుగా, ఒక చోట పల్లంగా ఉంటుంది. పడవ మెట్లు ఎక్కలేదు కదా! అందుకని ముందొక తలుపు, వెనకొక తలుపు పెట్టారు. పడవ మధ్యలోకి వచ్చాక వెనక తలుపు మూసేవారు. పైనుంచి నీళ్ళు వదిలేవారు. నీళ్ళతో పాటు పడవ కూడా పైకి లేచేది. అప్పుడు ముందు తలుపు తీసేవారు. పడవ సాగిపోయేది. పల్లానికి దిగాలంటే నీళ్ళు కిందకి వదిలేవారు.

అక్కడి నుంచి వాడపల్లి వెళ్ళారు. అక్కడ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. శనివారం జనం విపరీతంగా వస్తారు. ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి మిగతా రోజులే నయం.

రెండో దారి: బొబ్బర్లంక, ధవళేశ్వరం

మరో ఆదివారం ఇంకో వైపు వెళ్ళారు. కాలువ ఎక్కడ పుట్టిందో చూడాలని కోడలికి పట్టుదల. నీళ్ళు వచ్చే వైపు వెళ్తే బొబ్బర్లంక వస్తుంది. మధ్య డెల్టా కాలువ గోదావరి నుంచి అక్కడే మొదలవుతుంది.

ఒకప్పుడు గోదావరి నీళ్ళు సముద్రంలో కలిసిపోయేవి. పక్కనే పొలాలు ఎండిపోయేవి. 1833 ప్రాంతంలో పెద్ద కరువు వచ్చింది. ఎందరో చనిపోయారు. తరువాత ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు నదికి ఆనకట్ట కట్టించాడు. 1847లో పని మొదలైంది. 1852లో పూర్తయింది. వేలమంది కూలీలు చెమటోడ్చారు. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. దాని నుంచి మూడు వైపులా కాలువలు వెళ్తాయి. సుమారు పది లక్షల ఎకరాలు తడుస్తాయి.

రేకుకి బియ్యం కావాలి. బియ్యానికి వరి కావాలి. వరికి ఈ నీళ్ళే కావాలి. బొబ్బర్లంక దగ్గర నిలబడితే ఆ సంగతి కోడలికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

బ్యారేజీ దాటితే ధవళేశ్వరం. అక్కడ కాటన్ మ్యూజియం ఉంది. బ్యారేజీ మీద లారీలు, బస్సులు ఎక్కువ. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు బొబ్బర్లంక దగ్గరే ఆగడం మంచిది. వీళ్ళూ అక్కడే ఆగారు. తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి తిరిగారు.

లెక్క చూడండి

నడిస్తే గంటకు 4 లేక 5 కిలోమీటర్లు వెళ్తారు. సైకిలు నెమ్మదిగా తొక్కినా గంటకు 10 కిలోమీటర్లు వెళ్తుంది. దారి పక్కన కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. రాయి మీద అంకె చదివితే ఇంకా ఎంత దూరమో తెలుస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు.

బయలుదేరే ముందు

టైర్లు నొక్కి గాలి చూడండి. బ్రేకులు, చైను, బెల్లు చూడండి.

చీర కుచ్చిళ్ళు పైకి దోపండి. కొంగు నడుముకి బిగించండి. చైనుకి కవరు ఉండాలి.

ఎడమ పక్కనే వెళ్ళండి. ఒకరి వెనక ఒకరు వెళ్ళండి.

కాలువ గట్టుకి చాలా చోట్ల గోడ ఉండదు. అంచుకి పోకండి. పెద్ద బండి వస్తే దిగి నిలబడండి. ఇందులో సిగ్గు లేదు.

కార్తీకం నుంచి మాఘం దాకా వాతావరణం చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో వెళ్తే పొద్దున్నే వెళ్ళి పది గంటల లోపు ఇంటికి చేరండి. వరదల రోజుల్లో లంకల వైపు వెళ్ళకండి.

చీకటి పడక ముందే తిరిగి రండి. నీళ్ళ సీసా మరవకండి.

మూడో దారి: ర్యాలి

ఈ దారిలో కోడలు ఒక్కతే వెళ్ళింది. తోడు ఎవరూ లేరు. బయలుదేరుతుంటే అత్తగారే రేకుల పొట్లం కట్టి ఇచ్చింది. "మీ అమ్మకి ఇయ్యి. నెమ్మదిగా వెళ్ళమ్మా" అంది.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ఒకే రాతిలో ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని కనిపిస్తారు. దూరం నుంచి దాన్ని చూడటానికి వస్తారు. కోడలు చిన్నప్పుడు ఆ గుడి ముందే ఆడుకుంది.

ఊరి మొదట్లో బోర్డు చూసింది. ర కి య వత్తు, దీర్ఘం. పుట్టిన ఊరి పేరు మొదటిసారి తనే చదువుకుంది.

తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. సైకిలు బెల్లు విని తలెత్తింది.

"ఎవరితో వచ్చావే?" అంది.

"ఎవరితోనూ కాదమ్మా. నేనే వచ్చాను."

చదివి చెప్పండి

1. కోడలు సైకిలు ఎందుకు నేర్చుకుంది?
2. లాకులో పడవ పైకి ఎలా లేచేది?
3. గోదావరి మీద ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?
4. 20 కిలోమీటర్ల దూరం సైకిలు మీద ఎన్ని గంటలు పడుతుంది?
5. మీ ఊరి నుంచి మీరు చూడాలనుకున్న ఊరు ఏది? ఆ ఊరి పేరు, దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు మీ పుస్తకంలో రాయండి.