కంటికి ఒకటే.. కెమిస్ట్రీకి రెండు!

విశాఖ తీరంలో సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ రాళ్లమీద ఎర్రనాచు బయటపడుతుంది. అందులో గ్రాసిలేరియా ఉంటుంది, హిప్నియా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఎండబెట్టి గోనెసంచికి ఎత్తాక గుర్తుపట్టడం కష్టం. మొదటిది అగార్ ఇస్తుంది, రెండోది కర్రాజీనన్. రెండూ గడ్డకట్టే జిగురు పదార్థాలే. కొనేవాళ్లకు కావాల్సింది ఆ తేడానే. దాన్ని తేల్చేది కెమిస్ట్రీ. అయినా, నాచు అంటే బాటనీ వాళ్ల సబ్జెక్టని మన కెమిస్ట్రీ విద్యార్థులు ఇటు తొంగి చూడరు. నాకు బాధ కలిగించేది అదే.

కర్రాజీనన్‌లోనూ రకాలున్నాయి. తమిళనాడులోని మండపం వైపు సాగుచేసే ఎర్రనాచు కప్పాఫైకస్‌లో ఉండేది కప్పా కర్రాజీనన్. ఆ నాచుకు దగ్గరి చుట్టం యూకిమా డెంటిక్యులేటమ్‌లో అయోటా. వేడినీళ్లలో తీసిన కప్పాకు పొటాషియం ఉప్పు కలిపి చల్లార్చండి. గట్టిగా గడ్డకట్టి, నొక్కితే పుటుక్కున విరుగుతుంది. అయోటా కాల్షియంతో కలిస్తే మెత్తగా సాగుతుంది. పరారుణ కిరణాలతో పరీక్షించే ఎఫ్‌టీఐఆర్ గ్రాఫులో రెండింటికీ 845 సెం.మీ⁻¹ దగ్గర పీక్ వస్తుంది. 805 దగ్గర మరొకటి బలంగా లేస్తే అది అయోటా. చిటికెడు పొడి చాలు.

అలాగని గ్రాఫునే నమ్ముకుంటే దెబ్బతింటాం. ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో దొరికే ఐరిష్ మాస్ అనే ఎర్రనాచు ఒకే జాతి. కానీ దాని జీవితచక్రంలో గామిటోఫైట్ దశ మొక్కలు కప్పా వర్గం కర్రాజీనన్ తయారుచేస్తే, టెట్రాస్పోరోఫైట్ దశ మొక్కలు లాంబ్డా వర్గం తయారుచేస్తాయి. జీవితచక్రం తెలియనివాళ్లు ఒక జాతిని రెండుగా రాసేస్తారు. అందుకే మైక్రోస్కోపు, డీఎన్ఏ బార్‌కోడింగ్ కూడా చేతికి రావాలి.

కెమిస్ట్రీ, బాటనీ, బయోటెక్నాలజీ, మెరైన్ బయాలజీల్లో దేనితో ఎమ్మెస్సీ చేసినా దారి ఉంది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ (సీఎస్ఎంసీఆర్ఐ)కి మండపంలో నాచు పరిశోధన కేంద్రం ఉంది. కేంద్ర మత్స్య పరిశోధన సంస్థలైన సీఎంఎఫ్ఆర్ఐ, సీఐఎఫ్‌టీలకు విశాఖలోనే కేంద్రాలున్నాయి. ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనల కోసం వాటి వెబ్‌సైట్లు చూస్తుండండి. పీహెచ్‌డీ చేయాలనుకుంటే సీఎస్ఐఆర్-నెట్ రాయండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో కేంద్రం నాచు సాగుకు రూ.640 కోట్లు కేటాయించింది. అగార్, కర్రాజీనన్, నాచు ఎరువుల కంపెనీలకూ నాణ్యత చూసే ల్యాబ్ మనుషులు కావాలి.

డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తెచ్చి సగం హెర్బేరియం షీటుమీద అతికించండి, సగం నీడలో ఎండబెట్టి పొడిచేయండి. రెండింటికీ ఒకే నంబరు వేసి తేదీ, చోటు రాయండి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతో పాటు ఆ షీటూ, ఆ పొడి సీసా కూడా పట్టుకెళ్లండి.