పాత మోటారు సైకిలు: ఇంటి వద్ద సంరక్షణ

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో ఏ వీధికి పోయినను వేపచెట్టు క్రిందనో, వసారాలోనో ఒక పాత మోటారు సైకిలు కనిపించుట సామాన్యము. కొన్ని నేటికిని పాల క్యానులను మోయుచున్నవి. కొన్నింటిపై కోళ్ళు కూర్చుండుచున్నవి. ఈ రెంటికి నడుమ గల భేదము తరచుగా పెద్ద మరమ్మతు కాదు. పూడిపోయిన ఒక సన్నని రంధ్రమో, సమయమునకు మార్చని పది రూపాయల వస్తువో అయి యుండును. బస్సు సరిగా రాని ఊరి నుండి కళాశాలకు వచ్చు విద్యార్థికి తండ్రి నడిపిన పాత బండియే దిక్కు. అది వారము దినములు ఆగినచో హాజరు తగ్గి, పరీక్షకు కూర్చుండు అర్హతకే చిక్కు వచ్చును. కావున ఈ విషయము కళాశాల పత్రికలో చర్చింపదగినదే యని నా అభిప్రాయము.

మన ప్రాంతమున మిగిలిన పాత బండ్లలో ముఖ్యమైనవి నాలుగు. ఫరీదాబాదులోని ఎస్కార్ట్స్ సంస్థ పోలండు దేశపు ఎస్.హెచ్.ఎల్. బండి నమూనాపై 1960ల ఆరంభము నుండి చేసిన రాజ్‌దూత్ ఒకటి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమున 1961 నుండి జావా పేరుతోను, 1973 నుండి యెజ్డీ పేరుతోను వెలువడినది రెండవది. 1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్ మూడవది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు నాలుగవది. మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. తక్కిన వాటిలో బుల్లెట్ పేరు నిలిచియున్నను, దాని ఇంజను పూర్తిగా మారినది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమున అమలైన భారత్ స్టేజ్ 6 నియమములతో క్రొత్త బండ్లలో కార్బురేటరు దాదాపు అంతరించి, పెట్రోలును ఎలక్ట్రానిక్ పరికరము చిమ్ము పద్ధతి వచ్చినది. నేడు పని నేర్చు యువకుడు కాంటాక్టు పాయింట్లను చూడకయే మెకానిక్కు కాగలడు. వాటిని చెవితో విని సరిచేయగల ఉస్తాదులు వృద్ధులైరి.

ఉస్తాదుల విద్యకు పుస్తకము లేదు. దాని భాష మన కళాశాల భాష వంటిదే. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు విడదీయరానట్లు కలిసియుండును. బోల్టు విప్పునది పానా. మరను బిగించునది పేచ్‌కస్; పేచ్ అనగా మర, కస్ అనగా బిగించునది. మనము ఉప్పు కాగితమనునది వారికి రేగ్‌మాల్. ఫారసీలో రేగ్ అనగా ఇసుక. కార్బురేటరులో చేరు మలినము కచరా. ఈ మాటలు తెలియని బాలుడు షాగిర్దుగా నిలువజాలడు. అయితే ఈ మాటలన్నింటికంటె ముందు ఉస్తాదు నేర్పునది మరియొకటి కలదు. అది చేయి కట్టుకొని నిలుచుట. ఏది చెడినదో తెలియక ముందు పానా పట్టరాదు.

ఈ పాఠమును నేను ఆలస్యముగా నేర్చితిని. ఒక వేసవిలో దేవరకొండ మార్గమున నా రాజ్‌దూత్ పది కిలోమీటర్లు నడిచి ఆగిపోవుచుండెను. అరగంట నిలిపినచో మరల నడుచును. మరల పది కిలోమీటర్లకు ఆగును. నేను భౌతికశాస్త్రము చదివినవాడనను ధైర్యముతో కార్బురేటరును పూర్తిగా విప్పితిని. జెట్లను ఊదితిని, ఫ్లోటు సూదిని ఇసుకలో పడవేసి గంటసేపు వెదకితిని. ఫలితము శూన్యము. చివరకు ఒక వృద్ధ ఉస్తాదు వద్దకు త్రోసికొని పోయితిని. ఆయన ఏ పరికరమును ముట్టక పెట్రోలు టాంకీ మూతను తిప్పెను. ‘స్స్’ మని గాలి లోనికి పోయిన శబ్దము వినవచ్చెను. “సార్, ఇంజన్ల ఏం లేదు. టాంకీకి ఊపిరాడుత లేదు” అనెను. మూతలోని సన్నని గాలి రంధ్రము దుమ్ముతో మూసికొని పోయినది. పెట్రోలు క్రిందికి దిగిన కొలది పైన శూన్యము ఏర్పడి ప్రవాహము ఆగుచున్నది. నిలిపినపుడు గాలి మెల్లగా చొరబడి మరల దారి ఇచ్చుచున్నది. వాయు పీడనమును గూర్చి తరగతిలో ఎన్ని పర్యాయములు బోధించితినో లెక్క లేదు. సూదితో ఆ రంధ్రమును శుభ్రపరచి ఆయన కూలి కూడ తీసికొనలేదు.

నడువని ఇంజనుకు కావలసినవి మూడే: పెట్రోలు, నిప్పురవ్వ, ఒత్తిడి. వీనిని వరుసగా పరీక్షింపవలెను. మొదట టాంకీలో పెట్రోలు కలదా, కాక్ తెరచియున్నదా అని చూడుట చిన్నతనము కాదు. ఉస్తాదులును అక్కడనే ఆరంభింతురు. తరువాత కార్బురేటరు వద్ద గొట్టమును తీసి, ధార సరిగా వచ్చుచున్నదో లేదో ఒక సీసాలో పట్టి చూడవలెను. ధార ఉన్నచో గొట్టమును తగిలించి, కాక్ మూసి, చిందిన పెట్రోలును తుడిచి, సీసాను దూరముగా పెట్టిన పిమ్మటనే ప్లగ్గును విప్పవలెను. దానిని మరల తీగకు తగిలించి, దాని లోహ భాగమును సిలిండరుపై గల రెక్కలకు ఆనించి, కిక్కు కొట్టినచో నీలవర్ణపు రవ్వ టక్కున దుమికిపడవలెను. పసుపు పచ్చని బలహీనమైన రవ్వ పనికిరాదు. ఆ ప్లగ్గు రంగే ఇంజను ఆరోగ్యమును తెలుపును. కాఫీ రంగు మంచిది. నల్లని తడి మసి యున్నచో పెట్రోలు గాని నూనె గాని ఎక్కువ. తెల్లబారినచో ఇంధనము తక్కువై ఇంజను వేడెక్కుచున్నదని అర్థము. చివరిది ఒత్తిడి. ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు ఉంచి కిక్కును చేతితో త్రొక్కించినపుడు గాలి వ్రేలిని బలముగా త్రోయవలెను. త్రోయనిచో పిస్టను రింగులో, వాల్వులో అరిగినవి. అది ఇంటి పని కాదు.

నిప్పురవ్వ పుట్టు విధము మన పాఠ్యగ్రంథములోని విద్యుత్ ప్రేరణయే. ఫారడే 1831లో కనుగొన్న సూత్రము ఇందు ప్రతి నిమిషమునకు వేల పర్యాయములు పనిచేయును. పాయింట్లు మూసియున్నంతసేపు కాయిల్ ప్రాథమిక చుట్టలో విద్యుత్తు ప్రవహించును. అవి విడిపోయిన క్షణమున ప్రవాహము తటాలున తెగి, రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టును. పాయింట్లు విడిపోవునపుడు వాటి మధ్యనే రవ్వ పుట్టి కాలిపోకుండ కాపాడునది కండెన్సరు. పాయింట్లు నల్లబడి గుంటలు పడినచో రేగ్‌మాల్‌తో మృదువుగా రుద్ది, పొడిబట్టతో తుడువవలెను. వాటి నడుమ ఎడము పెక్కు బండ్లలో 0.35 నుండి 0.45 మిల్లీమీటర్ల లోపల ఉండును. ప్లగ్గు ఎడము సుమారు 0.5 నుండి 0.7. కొందరు ఉస్తాదులు దళసరి కార్డు ముక్కతో దీనిని సరిచూతురు. వారి చేతికి అది చెల్లును. మనకు ఫీలర్ గేజి కొనుటయే మేలు.

లెక్కలు ఇష్టమైన వారికి బుల్లెట్ ఒక మంచి ఉదాహరణము. పాత 350 బుల్లెట్ సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము కట్టి చూచినచో 346 ఘన సెంటీమీటర్లు వచ్చును. పేరులోని 350 అంకె ఎక్కడిదో అప్పుడు తెలియును. ఈ బండికి ట్యాపెట్లను ఇంట సరిచేయుట సాధ్యమే. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, పిస్టను ఒత్తిడి ఘట్టపు శిఖరమున నుండగా, పుష్‌రాడ్లు వ్రేలితో సులభముగా తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువు దుమ్ము. ఎర్రనేలలు, గులకమట్టి బాటలు, కంకర లారీల వెనుక ప్రయాణము. రాతి నుండి పుట్టిన ఈ దుమ్ములోని కణములు కాచము వలె కఠినమైనవి. అవి గాలితో ఇంజనులోనికి పోయినచో సిలిండరు గోడను ఒరయును. అందుచే గాలి వడకట్టు ఫిల్టరును పట్టణపు బండి కంటె రెట్టింపు శ్రద్ధతో చూడవలెను. స్పంజి ఫిల్టరును సబ్బునీట కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, కొంచెము ఇంజను నూనె పట్టించి పిండి తొడగవలెను. కాగితపు ఫిల్టరును కడుగరాదు. తట్టి దులిపి, నల్లబడినచో మార్చవలెను. ఫిల్టరును తీసివేసినచో బండి వేగముగా పోవునని కొందరు మిత్రులు చెప్పుదురు. రింగులు మార్పించిన దినమున వారు కనబడరు.

చైనుకు గ్రీజు దట్టముగా పూయుట మరియొక పొరపాటు. దుమ్ము దానికి అంటి సానరాయి వలె చైనును తినివేయును. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, నూనె పలుచగా పట్టించుట మేలు. చైను బిగువు అంతట ఒకే తీరుగా ఉండదు; చక్రమును త్రిప్పి మిక్కిలి బిగువైన చోటనే ఆటను కొలువవలెను. చైను లింకు క్లిప్పును తొడుగునపుడు దాని మూసియున్న కొస చైను పోవు దిశకు ఉండవలెను. తెరచిన కొస ముందుండినచో క్లిప్పు దేనికైనను తగిలి ఊడిపోగలదు.

నీటి సంగతి చెప్పక తప్పదు. నల్లగొండ నీటి ఖ్యాతి మనకందరకు తెలిసినదే. ఫ్లోరైడును పటిక, సున్నముతో తొలగించు నాగపూరు పరిశోధన సంస్థ పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనియే పేరు వచ్చినది. లవణములు నిండిన బోరు నీటిని బ్యాటరీలో పోసినచో సీసపు పలకలు త్వరగా చెడును. యెజ్డీ, బుల్లెట్ పాత నమూనాలలో నిప్పురవ్వకు విద్యుత్తు బ్యాటరీ నుండియే రావలెను గావున ఇది చిన్న విషయము కాదు. 6 వోల్టుల బ్యాటరీలో మూడు అరలుండును. మూడింటిలోను గీత వరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే నింపవలెను. ఆమ్లమును ఇంట పోయరాదు.

రాజ్‌దూత్, యెజ్డీ, చేతక్ రెండు ఘట్టముల ఇంజనులు. వాటికి పెట్రోలులో కలిపిన నూనెయే ప్రాణము. ఐదు లీటర్లకు 100 మిల్లీలీటర్లు కలిపినచో అది 50కి 1 వంతు. 200 కలిపినచో 25కి 1 వంతు. ఏ బండికి ఏ పాళ్ళో కంపెనీ పుస్తకము నుండి గాని, దానిని ఎరిగిన ఉస్తాదు నుండి గాని తెలిసికొనవలెను. నూనెను మొదట కొద్ది పెట్రోలులో కలిపి టాంకీలో పోయుట మంచిది. అచ్చంపేట, మన్ననూరుల మీదుగా శ్రీశైలము పోవు వారు దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగునపుడు యాక్సిలేటరును పూర్తిగా మూసి చాలసేపు గేరులో దిగరాదు. పెట్రోలు రానిచో దానితో నూనెయు రాదు. చక్రము మాత్రము ఇంజనును త్రిప్పుచునే యుండును. మధ్య మధ్య కొంచెము యాక్సిలేటరు ఇచ్చినచో పిస్టను పట్టివేయకుండును.

ఇటీవల ఒక క్రొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలుపుట సాధారణమైనది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొనును. పాత రబ్బరు గొట్టములు, వాషర్లు ఉబ్బియో పగిలియో పోవచ్చును; నీరు అడుగున చేరినచో టాంకీ లోపల త్రుప్పు పట్టును. కావున నెలల తరబడి నిలుపు బండిలో పాత పెట్రోలు ఉంచరాదు; కార్బురేటరు గిన్నెను ఖాళీ చేయవలెను; గొట్టమును వంచి చూచి, పగుళ్ళున్నచో ఇథనాల్‌కు తట్టుకొను గొట్టమును వేయవలెను. ప్లగ్గు తెల్లబారుచున్నచో జెట్టు మార్పు గూర్చి ఉస్తాదును అడుగవలెను.

క్రాంకు, గేరుబాక్సులను ఇంట విప్పరాదు. బ్రేకు డ్రమ్ములోని పొడిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ యుండెడిది, అది ఊపిరితిత్తులకు హానికరము. తడిబట్టతో తుడువవలెను. తీసిన పాత నూనెను బావి దగ్గర పారబోయరాదు. ఇక కాగితములు: స్వంత బండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును; తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. తండ్రి పేరిట నుండిపోయిన బండ్ల విషయమున దీనిని మరచువారు పెక్కురు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుక వసారా ఖాళీగా నున్నది. ఒక బల్ల, ఒక ఫీలర్ గేజి, ఒక వరుస పానాలు, చెడిన ఒక పాత ఇంజను చాలును. నెలకు ఒక ఆదివారము పట్టణములోని వృద్ధ ఉస్తాదును గౌరవ వేతనముపై పిలిపించినచో, విద్యార్థినీ విద్యార్థులు ఆయన చేతిని చూచి నేర్చుకొందురు. ఉర్దూ విభాగము వారు ఆయన మాటలను ఒక ప్రక్క, తెలుగు విభాగము వారు వాటి అర్థములను మరియొక ప్రక్క వ్రాసికొనవచ్చును. ఆ నోటు పుస్తకమునకు మొదటి పుట నేను వ్రాసి ఇచ్చెదను. టాంకీ మూత గూర్చి.