వీడియో గేములు: ఆట ఎక్కడిదాకా, వ్యసనం ఎక్కడినుంచి?

ప్రశ్న: రోజుకు ఆరేడు గంటలు ఫోన్‌లో గేములాడే కుర్రాణ్ణి వ్యసనపరుడు అనవచ్చా?

జవాబు: గంటల లెక్క ఒక్కటే చూసి తేల్చడం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలుచేస్తున్న వ్యాధుల వర్గీకరణలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఇన్ని గంటలు దాటితే జబ్బు అన్న హద్దు మాత్రం అందులో లేదు. చూడాల్సినవి మూడు: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులూ సరదాలూ ఆట వెనక్కి పోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగాలి. చదువో ఉద్యోగమో ఇంట్లోవాళ్లతో సంబంధాలో గట్టిగా దెబ్బతిని ఉండాలి.

వేసవి సెలవుల్లో పగలంతా ఆడి, బడి తెరవగానే మామూలైపోయే పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు. రోజూ రెండు మూడు గంటలే ఆడినా, వాటికోసం పరీక్షలు ఎగ్గొట్టి, స్నేహితుల్ని వదిలేసుకుని, అడిగితే అబద్ధాలు చెప్పేవాడి గురించి ఆలోచించాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో గేమింగ్ వ్యసనాన్ని 'ఇంకా పరిశోధన జరగాల్సిన' జాబితాలోనే ఉంచింది. అంటే నిపుణుల మధ్యా వాదన పూర్తిగా సద్దుమణగలేదు.

ప్రశ్న: అన్నానికి పిలిస్తే 'ఒక్క నిమిషం' అంటూ అరగంట దాకా లేవకపోవడం మొండితనమేనా?

జవాబు: కొంత మొండితనం, చాలావరకు ఆట అల్లిక. పబ్జీ, దాని భారతీయ రూపం బీజీఎంఐ లాంటి ఆటల్లో వందమంది పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. చుట్టూ గీసిన వలయం క్రమంగా కుంచించుకుపోతుంది; చివరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు. ఒక మ్యాచ్ సుమారు అరగంట. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. నలుగురి స్క్వాడ్‌లో ఒకడు లేచిపోతే మిగతా ముగ్గురూ ఇరుక్కుంటారు, హెడ్‌సెట్‌లో తిట్లు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ లాక్కుంటే ఇల్లు రణరంగమవుతుంది. 'ఈ మ్యాచ్ అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు' అని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబెట్టడం దానికన్నా బాగా పనిచేస్తుంది.

ఆట అల్లికలో రెండో ఎర బహుమతుల పెట్టెలు (లూట్ బాక్సులు). ఏమొస్తుందో తెలియని బహుమతి, తప్పక వచ్చే బహుమతికన్నా గట్టిగా పట్టి ఉంచుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో ఏనాడో చూపించాడు. డబ్బుపెట్టి కొనే ఇలాంటి పెట్టెల్ని బెల్జియం 2018లో జూదం కింద లెక్కగట్టింది. ఆడేటప్పుడు మెదడులో డోపమైన్ విడుదలవుతుందని 1998లోనే తేలింది. అయితే మంచి భోజనం చేసినా అది విడుదలవుతుంది కాబట్టి, ఆ ఒక్క ముక్క పట్టుకుని గేమునూ మత్తుమందునూ ఒకే గాటన కట్టలేం.

ప్రశ్న: తుపాకుల ఆటలు పిల్లల్ని నేరాలవైపు నెడతాయా?

జవాబు: అందుకు తగిన ఆధారం లేదు. అరుపులు, తోపులాటల స్థాయి దురుసుతనంతో స్వల్ప సంబంధం ఉందనీ, నిజమైన హింసకు గేములే కారణమనడానికి ఆధారాలు చాలవనీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తేల్చిచెప్పింది. నేరం జరిగిన ప్రతిసారీ టీవీ చర్చల్లో గేమును నిలబెట్టి దులపడం మాత్రం తేలికైన పని.

ప్రశ్న: అయితే సమాజానికి హానే లేదా?

జవాబు: ఉంది, అసలు హాని డబ్బు చేరినచోట ఉంది. ఆన్‌లైన్ రమ్మీకి జీతాలు కరగబెట్టి, అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు తెలుగు పాఠకులకు కొత్త కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఆటల్ని దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌ను చట్టం వేరుగా చూసింది. ఇక పబ్జీ సంగతికొస్తే, 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది పిల్లలు పాడవుతున్నారని కాదు, దేశ భద్రత, సమాచార రక్షణ కారణాలతో. ఈ సంగతి చాలామందికి గుర్తులేదు.

ప్రశ్న: చైనాలా ప్రభుత్వమే సమయం కట్టడి చేస్తే?

జవాబు: అక్కడ 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవురోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే అనుమతి. పెద్దల ఖాతాలతో ఆడే పిల్లలు అక్కడా ఉన్నారు. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపువారికి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు ఆన్‌లైన్ గేములు నిషేధించి, పదేళ్ల తర్వాత ఎత్తేసింది. పిల్లలు మొబైల్ గేములకు మళ్లాక ఆ చట్టానికి పని లేకుండా పోయింది.

ప్రశ్న: సాయం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి 'షట్' క్లినిక్ ఇందుకే నడుస్తోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ వ్యసనానికంటూ ప్రత్యేకమైన మందు లేదు, కౌన్సెలింగే ప్రధానం. డాక్టర్లు ముందు నిద్ర గురించి, ఒంటరితనం, దిగులు, ఏకాగ్రత లోపం గురించి ఆరా తీస్తారు. చాలాసార్లు ఆట వెనక వీటిలో ఏదో ఒకటి ఉంటుంది, చికిత్స మొదలయ్యేది అక్కడినుంచే.